చూసిన గుర్తు కూడా లేని ప్రకటన మన చేత వస్తువు కొనిపించగలదా?

మాంబలం వాసి (ప్రశ్న):
సభ్యులందరికీ నమస్కారం. సినిమా రీలు మధ్యలో కంటికి ఆనని వేగంతో ఒక బొమ్మను చొప్పించి, ప్రేక్షకుల మనసులో కోరిక పుట్టించవచ్చని మా బావమరిది గట్టిగా నమ్ముతాడు. నాకది కట్టుకథలాగే తోస్తుంది. అయితే, టీవీలో ప్రకటన రాగానే శబ్దం తీసేసే నేను కూడా టీ. నగర్‌లో సరుకులకు వెళ్ళి సబ్బుల అర ముందు నిలబడినప్పుడు, వెల, బరువు చూడకముందే నా చెయ్యి ఎప్పుడూ ఒకే రంగు అట్టపెట్టె మీదికి పోతుంది. ఆ సబ్బు ప్రకటనలో ఏముందని అడిగితే చెప్పలేను. మనకు తెలియకుండా మన మీద పనిచేసేది నిజంగా ఏదైనా ఉందా, లేక ఇది వట్టి అలవాటేనా?

విశ్రాంత అధ్యాపకుడు, అడయారు:
మాంబలం వాసి గారూ, మీ బావమరిది గారు చెప్పిన కథకు మూలపురుషుడు జేమ్స్ వికరీ అనే అమెరికన్. న్యూజెర్సీలోని ఒక సినిమా హాలులో సెకనులో మూడు వేలవ వంతు కాలం పాటు ‘పాప్‌కార్న్ తినండి’, ‘కోకా-కోలా తాగండి’ అనే మాటలను తెర మీద మెరిపించి, పాప్‌కార్న్ అమ్మకాలను దాదాపు 58 శాతం, కోలా అమ్మకాలను దాదాపు 18 శాతం పెంచానని 1957లో ఆయన ప్రకటించాడు. ప్రపంచమంతా హడలిపోయింది. తీరా 1962లో, తన దగ్గర ఉన్న సమాచారం ఏ నిర్ధారణకూ చాలనిదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మాత్రం కథంత దూరం పోలేదు.

మీ చెయ్యి సబ్బు మీదికి పోవడం వేరే సంగతి. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రచురించిన ప్రయోగాలలో, అర్థంలేని పదాలను, చైనా లిపిని పోలిన అక్షరాలను, అపరిచితుల ముఖాలను కొన్నింటిని ఒకటి రెండు సార్లు, కొన్నింటిని 25 సార్ల వరకు చూపించి, ఏది ఎంత బాగుందని అడిగారు. ఎక్కువసార్లు కనబడినవే జనానికి ఎక్కువ నచ్చాయి. ఇందులో వాదన లేదు, ఒప్పించడం లేదు, కేవలం కంటపడడమే ఉంది. మీరు శబ్దం తీసేసినా బొమ్మ కదులుతూనే ఉంటుంది కదా! పైగా శ్రద్ధ పెట్టి చూసేవాడు ప్రకటనతో మనసులోనైనా తగవు పెట్టుకుంటాడు. పరాకుగా చూసేవాడికి ఆ అవకాశమే ఉండదు. 1977లో హ్యాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో చేసిన పరిశోధన ఇంకొక అడుగు ముందుకు వేసి, పదే పదే విన్న వాక్యం నిజమైనా కాకపోయినా నిజమేనని తోచడం మొదలవుతుందని చూపించింది. కాబట్టి భయపడవలసింది దాచిపెట్టిన బొమ్మకు కాదు, దాపరికమే అవసరం లేని బొమ్మకు.

పాత ప్రకటనల ఉద్యోగి, కోడంబాక్కం:
అధ్యాపకులు గారి మాటలతో నాకు పేచీ లేదు గాని, మా వృత్తికి లేని మహిమను అంటగట్టవద్దని మనవి. మేము తయారు చేసిన ప్రకటనల్లో అధిక భాగం ఎవరినీ కదిలించకుండానే పోయాయి. సబ్బు విషయంలో అది ఏ అరలో, ఏ ఎత్తున ఉందో కూడా చూడండి. కంటికి ఎదురుగా ఉండే అర కోసం కంపెనీలు అంగడివారికి విడిగా డబ్బు చెల్లించడం మామూలే. వెయ్యి రూపాయల వస్తువుకు 999 అని చీటీ అంటించడం ఎందుకో అందరికీ తెలుసు, తెలిసినా పనిచేస్తుంది.

వస్తువు పేరుకు మాత్రం బలం ఉందని ఒప్పుకుంటాను. కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలను నిషేధించిన తరువాత అవే పేర్లు సోడా, మ్యూజిక్ సీడీల ముసుగులో తెర మీదికి వచ్చాయి. సోడా అమ్ముకోవడానికి అంత ఖర్చు ఎవరూ పెట్టరు. ఇటువంటి ముసుగు ప్రకటనలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 మార్గదర్శకాలలో స్పష్టంగా నిషేధించింది.

గృహిణి, వెస్ట్ మాంబలం:
మీరంతా సబ్బు దగ్గరే ఆగిపోయారు. నాకు మాత్రం అక్షయ తృతీయే ఇందుకు పెద్ద ఉదాహరణగా కనబడుతుంది. మా అమ్మమ్మకు వైశాఖ శుద్ధ తదియ అంటే సింహాచలం చందనోత్సవం, స్వామి నిజరూప దర్శనం. ఇంటి వరకైతే నీళ్ళ కుండ, మజ్జిగ, గొడుగు దానం చేసే రోజు. ఆ రోజు బంగారం కొనాలన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. ఇప్పుడు తెల్లవారుజామునే నగల అంగళ్ళుండే ఉస్మాన్ రోడ్డు కిటకిటలాడుతుంది, వారం ముందే పత్రికల మొదటి పేజీ నిండా నగలు, ముందస్తు బుకింగు. మా కోడలు, ‘అత్తయ్యా, అరగ్రాము నాణెమైనా కొనకపోతే ఏదోలా ఉంటుందండీ’ అంటుంది. ఏ ప్రకటన చూసి అలా అనిపించిందని అడిగితే, ప్రకటనలకేమిటి సంబంధం, ఇది మన ఆచారం కదా అంటుంది. ఇచ్చే రోజును కొనే రోజుగా మార్చిన సంగతి ఒక్క తరంలోనే మరుగున పడిపోయిందంటే, వ్యాపారులు తమ పని ఎంత బాగా చేశారో చూడండి.

మాంబలం వాసి:
అమ్మా, మీ ఉదాహరణ నా ప్రశ్న కంటే పెద్దది. అయితే ఇదంతా తెలుసుకున్నవారి మీద ప్రభావం తగ్గుతుందా?

విశ్రాంత అధ్యాపకుడు, అడయారు:
తెలిసినంత మాత్రాన తగ్గదు. ఇంగ్లండులో ఒక సూపర్‌మార్కెట్‌లో ఫ్రెంచి సంగీతం వినిపించిన రోజుల్లో ఫ్రెంచి ద్రాక్షసారా, జర్మన్ సంగీతం వినిపించిన రోజుల్లో జర్మన్‌ది ఎక్కువ అమ్ముడుపోయాయని 1997లో ఒక పరిశోధన వెలువడింది. కొన్నవారిలో చాలామంది సంగీతానికీ తమ ఎంపికకూ సంబంధం లేదనే చెప్పారు. ప్రకటనలు ఇతరుల మీదే పనిచేస్తాయి గాని నా మీద కాదని అందరూ అనుకోవడానికి ‘మూడో వ్యక్తి ప్రభావం’ అని 1983లోనే పేరు పెట్టారు. ఎంపికను అంగడి బయటికి మార్చడమే కొంతవరకు పనిచేస్తుంది: సరుకుల చీటీ ఇంట్లోనే, బరువుకు వెల లెక్క కట్టి రాసుకోండి. బంగారమైతే ఆ రోజు ధర, తరుగు, మజూరీ, తగ్గింపు షరతులు రాసుకుని, వారం పోయాక అదే అంగడిలో మళ్ళీ అడిగి పోల్చి చూడమని కోడలి గారికి చెప్పండి.