గూడబాతులు వచ్చినంత మాత్రాన కొల్లేరు బాగున్నట్టేనా?

ప్రశ్న: జంతుశాస్త్ర అధ్యాపకురాలు, కైకలూరు

నమస్కారం. జనవరిలో జరిగే నీటి పక్షుల గణనకు మా డిగ్రీ విద్యార్థులను మూడేళ్ళుగా కొల్లేరుకు తీసుకువెళ్తున్నాను. ఈసారి ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్ళు కిక్కిరిసి కనిపించాయి. నివేదికలో ‘సరస్సు ఆరోగ్యంగా ఉంది’ అని రాయబోతుంటే, ఒక విద్యార్థిని ‘నీళ్ళు కంపు కొడుతున్నాయి కదా మేడమ్’ అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్ద ప్రయోగశాల లేని మాలాంటి కళాశాల పక్షులతో పాటు ఇంకేమి చూడాలో, ఏ వేళలో చూడాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: జలజీవశాస్త్ర పరిశోధకుడు, విశాఖపట్నం

మేడమ్ గారూ, మీ విద్యార్థిని సరైన చోటే పట్టుకుంది. గూడబాతు గూడు పెట్టేది ఒకచోట, మేత వెతుక్కునేది మరొకచోట. చుట్టుపక్కల చేపల చెరువుల్లో బొచ్చె, శీలావతి దొరుకుతున్నంత కాలం సరస్సు లోపల ఎంత పాడైనా ఆ పక్షి సంఖ్య తగ్గకపోవచ్చు. కొల్లేరు 2002లో రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 20,000 నీటి పక్షులకు క్రమంగా ఆశ్రయమివ్వడం ఆ జాబితాకు ఒక ప్రమాణమే అయినా, అది చిత్తడి నేల ప్రాముఖ్యాన్ని తేలుస్తుంది తప్ప దాని ఆరోగ్యాన్ని కాదు.

మీరు ముందుగా కొలవవలసినది నీటిలో కరిగిన ఆక్సిజన్, ఆక్వా రైతులు ‘డీవో’ అనేది. ఆక్వా దుకాణాల్లో దొరికే కిట్టు చాలు. అయితే మధ్యాహ్నం కొలిస్తే మోసపోతారు. పచ్చగా నాచు పట్టిన నీటిలో కూడా ఎండవేళ ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. రాత్రంతా ఆ నాచే దాన్ని పీల్చుకోవడంతో తెల్లవారుజాముకు అడుగంటిపోతుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి, రెండింటి మధ్య తేడాను చూడండి. జలచరాలకూ చేపల పెంపకానికీ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది.

తరువాత, అడుగు బురదను జల్లెడలో కడిగి చూడండి. తూనీగ పిల్లలు, రకరకాల నత్తలు కనిపిస్తే కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. నెత్తురు రంగు సన్నని పురుగులు తప్ప మరేమీ లేకపోతే అక్కడ ఊపిరాడడం లేదని అర్థం, ఎందుకంటే ఆక్సిజన్ బాగా తగ్గినచోట కూడా అవి బతకగలవు. అభయారణ్యం కాబట్టి నమూనాలు తీసే ముందు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

సమాధానం 2: చేపల వేట కుటుంబానికి చెందిన లంక గ్రామస్థుడు

పై వారు చెప్పినది నిజమే కానీ, నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూడకుండా సీసాలో నీటిని పరీక్షించడం వల్ల సగమే తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు నీటిని తెచ్చి పోస్తే, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోతుంది. నడుమ గట్లు లేచినా, గుర్రపుడెక్క అల్లుకున్నా నీరు కదలదు. వేసవిలో మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది. కాబట్టి మార్చి నుంచి జూన్ వరకు ఉప్పదనం, నీటి మట్టం రెండూ రాసిపెట్టండి.

వలలో ఏమి పడుతోందో కూడా అడగండి. కొర్రమీను, మార్పు ఉన్నాయని చెబితే సంతోషించకండి, అవి నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే చేపలు. అవి మాత్రమే మిగలడమే అసలు హెచ్చరిక.

సమాధానం 3: విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు, ఏలూరు

ఒక్క మాట కలుపుతాను. ‘ఆరోగ్యం’ అన్నప్పుడు దేనితో పోలుస్తున్నారో నివేదికలో ముందే చెప్పాలి. 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్లతోనా, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టివేసిన తరువాతి స్థితితోనా? 1970ల నాటి నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకే నెలకు చెందిన పాత, కొత్త చిత్రాలను పక్కపక్కన పెట్టి, నీరెంత, గట్లెంత, గడ్డి ఎంత అని విద్యార్థుల చేత గీయించండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నివేదికలోని ఆ వాక్యం కొట్టివేశాను. అనుమతి రాగానే డ్రెయిను కలిసేచోట, సరస్సు నడుమ, ఉప్పుటేరు మొదట్లో కొలుస్తాము. నమూనా గట్టు మీద నుంచి తీయవచ్చా?

సమాధానం 1 రాసినవారు:

వద్దు మేడమ్ గారూ, దోనెలోనే వెళ్ళండి. సీసాను మూతతోనే జానెడు లోతుకు దించి, అక్కడ మూత తీసి, బుడగ మిగలకుండా నిండాక నీటిలోనే బిగించండి.