సన్నం అంటే ఎంత సన్నం? 74 నుంచి 61కి వస్తే ఊరంతా "ఏటయింది" అంటున్నారు

నాగావళి (శ్రీకాకుళం) | సోమవారం, ఉదయం 7:50
నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. నిరుడు రథసప్తమి నాటికి 74 కిలోలు, ఇప్పుడు 61. షుగరు అంచులో ఉందని డాక్టరుగారు చెప్పాక మొదలెట్టాను. మందుల్లేవు. రాత్రి అన్నం బదులు చోడి రొట్టె, పొద్దున్న నడక, టీలో పంచదార బంద్. రిపోర్టు ఇప్పుడు బాగుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఎవరింటికెళ్లినా ముందు నా మెడ ఎముకల వైపు చూస్తున్నారు. "ఒంట్లో బాగోలేదేటమ్మా, టెస్టులు చేయించేరా?" అని మా పిన్ని. ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి మేనేజరు దాకా అదే ప్రశ్న. 74 ఉన్నప్పుడు టెస్టుల మాట ఒక్కరూ ఎత్తలేదు. "కాపరం కలిసొచ్చింది, నిండుగా ఉన్నావు" అన్నారు. క్లినిక్కు గోడ మీది చార్టేమో నా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 23.8 అంటోంది. మన దేశపు లెక్కలో 23 దాటితే ఎక్కువ బరువే కాబట్టి ఇంకో రెండు కిలోలు తగ్గాలట. ఊరికి బక్కదాన్ని, చార్టుకి లావుదాన్ని. ఎవరి మాట వినాలి?

సరదా_బాబు | 8:02
ఫోటో పెడితే చెప్తాం.

నిర్వాహకుడు | 8:15
సరదా_బాబుకి హెచ్చరిక ఇచ్చాను. ఈ చర్చలో ఎవరూ ఫోటోలు అడగొద్దు.

పాలకొండ_మాస్టారు | 9:30
అమ్మా నాగావళీ, గోడ మీది చార్టుని నమ్మకు. ఉద్యోగమంతా పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ని, చెప్తున్నాను. ఆ బీఎంఐ లెక్క 1830ల్లో బెల్జియంలో క్వెట్లే అనే గణితం మనిషి కట్టినది. ఆయన డాక్టరు కాదు. సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చడానికి జనాన్ని కొలిచాడు, అంతే. దానికి బీఎంఐ అని పేరు పెట్టింది 1972లో అమెరికా ఆయన యాన్సెల్ కీస్. ఆ కొలిచిన జనంలో మన పాలకొండ వాడు ఒక్కడైనా ఉన్నాడా?

మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని ఆ చార్టు ముందు నిలబెట్టండి. గుండెల మీద ఏనుగునెక్కించుకున్న మనిషికి ఊబకాయం అని రాసిస్తారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చింది 69 కిలోల విభాగంలో. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి 69 కిలోలంటే బీఎంఐ 26 దాటుతుంది. ఆవిడని కూడా రాత్రి అన్నం మానమంటారా? చూడాల్సింది బలం. బరువు కాదు.

చంపావతి (స్టాఫ్ నర్సు, విజయనగరం జిల్లా) | మధ్యాహ్నం 2:20
మాస్టారూ, నమస్కారం. సిడ్నీలో ఆవిడ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆవిడ పేరు చెప్పుకుని మా ఓపీకి వచ్చేవాళ్లు గ్యాస్ బండ పక్కింటి కుర్రాడి చేత జరిపించుకునే రకం. కొండవెలగాడలో బరువులెత్తే ఆడపిల్లలకి చార్టు పనికిరాదు, నిజమే. మీకూ నాకూ బాగానే పనికొస్తుంది.

నాగావళి గారూ, బరువు పక్కన పెట్టి నడుం కొలుచుకోండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదని 2009లో మన దేశపు డాక్టర్లు కూర్చుని ఖాయం చేసిన లెక్క. మెడ ఎముకలు చూసి ఎవరూ ఏదీ చెప్పలేరు.

బొబ్బిలి_చిన్నది | 3:05
మా అమ్మ పెళ్లి ఫోటోలో బుగ్గలు చూసి అప్పట్లో లక్ష్మీకళ అన్నారట. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు జాతకంతో పాటు బరువు కూడా అడిగారు. వాళ్లబ్బాయి పొట్ట టీపాయికి తగులుతోంది, అతని బరువు మా నాన్న అడగలేదు. 2008లో కరీనా కపూర్ సైజ్ జీరో అని పేపర్ల నిండా వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పట్నుంచి నా టిఫిన్ బాక్సులో సగం వీధి కుక్కదే. సావిత్రిగారు ఇప్పుడు పుట్టుంటే ఆడిషన్ గుమ్మం కూడా దాటనివ్వరు.

ఇంకోటి, బట్టల షాపుకెళ్తే ఒక కంపెనీ కుర్తీ ఎమ్ వదులు, ఇంకో కంపెనీది డబుల్ ఎక్స్ఎల్ బిగుతు. ఒకే సాయంత్రం, ఒకటే ఒళ్లు.

పాలకొండ_మాస్టారు | సాయంత్రం 6:40
చంపావతమ్మా, నా ప్రశ్నకి జవాబు రాలేదు. ప్రపంచమంతా 25 అంటుంటే మనకి మాత్రం 23 ఎవరు పెట్టారు? 1998 దాకా అమెరికాలో మగవాడికి 27.8, ఆడవారికి 27.3 దాటితేనే లావు. ఆ ఏడు జూన్‌లో గీతని 25కి దించేశారు. రాత్రి ఆరోగ్యంగా పడుకున్న కోట్లమంది తెల్లారేసరికి లావైపోయారు, ఒక్క గ్రాము పెరక్కుండా. గీత దిగిన కొద్దీ మందులమ్మేవాడికి బేరం. ఇప్పుడు బరువు తగ్గడానికి పొట్టలో పొడుచుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, 2025 మార్చిలో మౌంజారో మన దేశంలో దిగింది. మీరే కలిపి చూసుకోండి.

రాజాం_రమణ | 6:48
మాస్టారు పాయింటు.

చంపావతి | రాత్రి 9:55
డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. 23 మందుల కొట్టువాడు పెట్టిన గీత కాదు మాస్టారూ. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిపించిన నిపుణులు ఆసియావాళ్ల సంగతి విడిగా చూసి, మనకి 23 నుంచే ముప్పు పెరుగుతుందన్నారు. అదే ఏడు పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో లాన్సెట్ పత్రికలో పడింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. తెల్లాయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మనాయన ఒంట్లో 21.2. పైకి చూస్తే ఇద్దరూ సన్నమే. 2025 జనవరిలో మన డాక్టర్లు ఇచ్చిన కొత్త నిర్వచనం కూడా 23తోనే మొదలవుతుంది. అయితే నడుం కొలతా, అప్పటికే ఉన్న జబ్బులూ కలిపి చూడమంటుంది.

ఇక పుస్తకాల మాట వదిలేయండి. మా ఇంటాయన 64 కిలోలు. "వెదురుబద్దలా ఉంటాడు, ఆయనకేటి" అని అందరూ అనేవారే, నాతో పనిచేసేవాళ్లతో సహా. కాళ్లూ చేతులూ పీల, బనీను కింద చిన్న పొట్ట. నేను నర్సునయ్యుండీ ఒక్కసారి కూడా నా చేత బీపీ చూపించుకోలేదు, "లావోళ్లకి చూడు" అనేవాడు. నలభై నాలుగో ఏట గుండెకి స్టెంటు పడింది. షుగరుందన్న సంగతి కూడా ఆ మంచం మీదే బయటపడింది. సన్నగా ఉంటే ఏం కాదు అనే మాట నా ముందు అనకండి, బలం సంగతి తర్వాత.

నాగావళి | 10:10
అయ్యో. ఇప్పుడెలా ఉన్నారండీ?

చంపావతి | 10:12
బానే ఉన్నారు. ఇప్పుడు ఆయనే నాకు చెప్తున్నాడు నడవమని.

కవిటి_కొబ్బరి | మంగళవారం, ఉదయం 6:25
మీరంతా సన్నం, లావు అంటన్నారు. కిడ్నీ జబ్బులెక్కువున్న మా ఉద్దానంలో మనిషి చిక్కితే ముందడిగేది క్రియాటినిన్ (కిడ్నీ పరీక్షలో వచ్చే అంకె) ఎంతని. మా నాన్న బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడుచుకుంటుంటే జీడితోట పనికి చిక్కేడనుకున్నాం. ఇప్పుడు డయాలసిస్‌కి తిప్పుతున్నాం. ఒక్కోసారి నీరు పట్టి మొహం, కాళ్లు వాస్తాయి, బరువు పెరుగుతుంది. ఆ రోజే పక్కింటావిడ వచ్చి "కోలుకున్నాడు, ఒళ్లొచ్చింది" అంటుంది. నాగావళి గారూ, మీ పిన్ని అడిగితే కోపం పెట్టుకోకండి. ఇటుపక్క ఆ బెదురు అందరికీ ఉంది.

నాగావళి | 8:30
పిన్ని మీద కోపం లేదండీ. కానీ ఆవిడ ఎప్పుడు అడిగినా నలుగురిలోనే అడుగుతుంది. విడిగా ఫోన్ చేసి ఒక్కసారీ అడగలేదు.

పాలకొండ_మాస్టారు | 11:15
అందరూ అంకెలు చెప్తున్నారు, తిండి సంగతి ఒక్కరూ ఎత్తరు. మా కోడలు హైదరాబాద్ నుంచి సంక్రాంతికి వస్తూ డబ్బాలో ఓట్స్ తెచ్చుకుంది. మా ఆవిడ తెల్లారగట్ల లేచి అరిసెలు, గుమ్మడికాయ దప్పళం చేస్తే "కార్బ్స్ ఎక్కువ అత్తయ్యా" అని అరిటాకు పక్కకి జరిపింది. ఉన్నన్నాళ్లూ అదే వరస. మనవరాలికి తొమ్మిదేళ్లు. అది నా దగ్గరకొచ్చి గౌను వెనక్కి లాగి పట్టుకుని "తాతా, నా పొట్ట కనిపిస్తోందా" అంది. చార్టులు చూసి ఆడవాళ్లు ఇళ్లు పాడు చేస్తున్నారు. రాయకూడదనుకున్నాను, రాయించారు.

నాగావళి | 11:40
మీ అబ్బాయి ఏం తిన్నాడో రాయలేదేం మాస్టారూ? ఆయనకి చార్టు లేదా? నిన్నంతా బెల్జియం, అమెరికా తిప్పారు. చివరికి తేలింది కోడలు అరిసె తినలేదని. మీకు కావలసింది ఆవిడ ఆరోగ్యం కాదు, ఆవిడ ఖాళీ చేసిన విస్తరి. నా మెడ ఎముకలు చూసేవాళ్లకీ కావలసింది అదే.

సరదా_బాబు | 11:44
మాస్టారు ఔట్.

రాజాం_రమణ | 11:46
పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేటి?

నిర్వాహకుడు | 12:05
సరదా_బాబుని వారం పాటు ఆపాను. మిగతావాళ్లు మాట్లాడుకోండి, ఎదుటివాళ్ల ఇంటి మనుషుల జోలికి వెళ్లకుండా.

పాలకొండ_మాస్టారు | మధ్యాహ్నం 1:30
అవునమ్మా, విస్తరే. తప్పేముంది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిందాకా మా ఇంట్లో వరన్నం పండక్కే. మామూలు రోజుల్లో చోడంబలి, అదీ పల్చగా. మా అమ్మ అందరికీ పోశాక కుండ కడిగిన నీళ్లు తాగేది. మా చెల్లెలికి వచ్చిన సంబంధం ఒకటి "పిల్ల ఎండిపోయింది, ఊడుపులకి ఆగదు" అని తప్పిపోయింది. ఆ ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వచ్చిందంటే గట్టెక్కామని లెక్క. ఇప్పుడు మీరు డబ్బు పోసి అదే చోడి పిండి కొని, అదే మెడ ఎముకలు తెచ్చుకుని ఆరోగ్యం అంటున్నారు. మా ఆవిడ వండింది తోసేస్తే నాకు కార్బ్స్ కనపడవు. మా అమ్మ కుండ కడగడం కనపడుతుంది.

చంపావతి | 4:10
ఇది నిన్న పొద్దున్నే రాసుంటే బెల్జియం దాకా వెళ్లే పని ఉండేది కాదు మాస్టారూ.

అమ్మగారు ఎండింది తిండి లేక. నాగావళి గారు తగ్గింది షుగరుకి భయపడి. ఎముకలు ఒకేలా కనిపించినా ఒంట్లో సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఆడవాళ్లు నూటికి 36 మంది ఎక్కువ బరువు, అదీ మీరు ఒప్పుకునే 25 లెక్కలోనే. ఇంకో 15 మంది ఉండాల్సిన దానికన్నా తక్కువ. రెండు రకాలూ ఒకే వీధిలో ఉన్నారు. మీరు తెలుసుకోవలసింది ఇంకోటి ఉంది. కడుపులో ఉండగా, పసితనంలో తిండి చాలని ఒంటికి తర్వాత పుష్కలంగా పెడితే షుగరు బేగి పట్టుకుంటుంది. గంజి తాగి పెరిగి, ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం తినేవాళ్లే మా క్యూలో ఎక్కువ.

మనవరాలి సంగతిలో మీ బాధ నాకూ బాధే. పిల్లలకి పెద్దల చార్టు పెట్టరు, వయసుని బట్టి వేరే పట్టికలుంటాయి. కానీ ఆ మాట దాని నోటికి ఎలా వచ్చిందో ఒక్క కోడల్నే అడిగితే ఎలా?

బొబ్బిలి_చిన్నది | 4:25
ఎలా వచ్చిందేటి, మన పలకరింపే అది. గుమ్మంలో అడుగు పెట్టగానే "ఒళ్లు చేశావే" లేకపోతే "చిక్కిపోయావే". మంచినీళ్లు దాని తర్వాతే.

పాలకొండ_మాస్టారు | 5:00
ఇక పలకరించడం కూడా మానేయాలా? బస్సులో కనపడ్డవాణ్ని ఏమని అడగాలి, నీ నడుం ఎన్ని సెంటీమీటర్లనా?

నాగావళి | 5:06
"బావున్నావా" అనండి చాలు.

పాలకొండ_మాస్టారు | 7:20
చంపావతమ్మా, ఇంతకీ టేపు బొడ్డు మీద పెట్టాలా, పైనా?

చంపావతి | 7:34
చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యన. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి బిగబట్టొద్దు, మా ఓపీలో మగవాళ్లందరూ అదే చేస్తారు.

పాలకొండ_మాస్టారు | 8:15
బిగబట్టకుండానే కొలిచాను. అంకె ఇక్కడ రాయను. కోడలి విషయంలో నా మాట నాదే.