వైజాగ్‌లో నాలుగు రోజులు: పక్షులు, తాబేళ్లు, అరకు. మా ప్లాన్ చూసి చెప్పండి

ఓరుగల్లు_బాటసారి:

నమస్తే అండీ. జనవరి ఆఖరి వారంలో నేనూ మా ఆవిడా వరంగల్ నుంచి వైజాగ్ వస్తున్నాం. శనివారం పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాం, బుధవారం తెల్లవారుజామున తిరుగు రైలు. అంటే నాలుగు రోజులు పూర్తిగా మావే. మా ఆవిడకు పక్షులంటే ప్రాణం, బైనాక్యులర్స్ కూడా తెచ్చుకుంటుంది. నాకేమో సబ్‌మెరైన్, పాత బౌద్ధ స్థలాలు చూడాలని ఉంది. సముద్రపు తాబేళ్లను చూడాలన్నది మాత్రం ఇద్దరి కోరికా.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. శనివారం రుషికొండ, కైలాసగిరి. ఆదివారం కారులో అరకు వెళ్లి రాత్రికి వెనక్కి. సోమవారం జూ, సబ్‌మెరైన్. మంగళవారం డాల్ఫిన్స్ నోస్ దగ్గర డాల్ఫిన్లు, యారాడ బీచ్, టైం మిగిలితే కొండకర్ల ఆవ సరస్సు. ఇందులో కుదరనివి ఏవి? బస ఎటువైపు తీసుకుంటే మంచిది?

ఎండాడ_పిట్ట:

ముందు సోమవారం సంగతి చూడండి. జూకీ, కురుసురా సబ్‌మెరైన్‌కీ, రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానానికీ ఆ రోజే సెలవు. మీ సోమవారమంతా మూసిన గేట్ల ముందే గడిచిపోతుంది.

రెండోది, డాల్ఫిన్స్ నోస్ దగ్గర డాల్ఫిన్లు చూపించే ఏర్పాటేమీ లేదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ముట్టెలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. అక్కడికి వెళ్లేది లైట్‌హౌస్ కోసం, పైనుంచి కనిపించే హార్బర్ కోసం. లైట్‌హౌస్‌లోకి సాయంత్రంపూట కొద్దిసేపే రానిస్తారు. చుట్టూ నేవీ ప్రాంతం కాబట్టి ఎక్కడపడితే అక్కడ కెమెరా తీయకండి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేసి రండి.

వైజాగ్ సముద్రం వెంబడి పొడుగ్గా సాగిన ఊరు. ఒకే రోజు ఉత్తరం కొసకీ దక్షిణం కొసకీ తిరిగితే ఎన్‌ఏడీ, గాజువాక ట్రాఫిక్‌లోనే సగం పూట పోతుంది. అందుకని ఒక రోజుకి ఒకే దిక్కు పెట్టుకోండి. నేనైతే శనివారం ఊళ్లో, ఆదివారం దక్షిణం, సోమవారం అరకు, మంగళవారం ఉత్తరం అని వేస్తాను. ఆదివారం అరకు వెళ్తే ఘాట్ రోడ్డు మీదా, బొర్రా గుహల టికెట్ల దగ్గరా జనమే జనం. సోమవారానికి కొంత పలచబడుతుంది.

శనివారం మధ్యాహ్నం దాకా పడుకోండి. సబ్‌మెరైన్ మామూలు రోజుల్లో తెరిచేదే మధ్యాహ్నం రెండు గంటలకి. సోవియట్‌లో కట్టిన ఈ కురుసురా 1969లో మన నేవీలో చేరి 2001లో విరమించింది. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. ఇరుకు, ఉక్క, వెనక్కి తిరిగి రావడానికి వీలుండదు. ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు ఆ సంగతి ఆలోచించుకొని ఎక్కాలి. అది చూశాక టీయూ-142 కూడా చూడండి. అది జలాంతర్గాములను వెతికి పట్టుకునే విమానం, రెండూ వెంటవెంటనే చూస్తేనే దాని పని అర్థమవుతుంది.

మంగళవారం మాత్రం పొద్దున్నే లేవాలి. హైవేకి అటు కంబాలకొండ, ఇటు జూ. కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం, విస్తీర్ణం 70 చదరపు కిలోమీటర్ల పైమాటే. చిరుత ఉంది, కానీ దాన్ని చూడ్డానికని వెళ్లకండి. చుక్కల దుప్పి, అడవిపంది, నెమలి వీటిలో ఏదైనా ఎదురుపడొచ్చు. పిట్టలు మాత్రం చాలా ఉంటాయి. ఎండ ఎక్కాక అవి పొదల్లోకి సర్దుకుంటాయి కాబట్టి గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి. ఒకచోట పది నిమిషాలు కదలకుండా నిలబడితే, గంటసేపు నడిచినా కనిపించనివి కనిపిస్తాయి. తెల్ల బట్టలు, సెంటు వద్దు. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. గైడుని తీసుకోండి, దారి కోసం కాదు, పక్షి కూత విని ఏ కొమ్మ మీద ఉందో చూపించడానికి.

అక్కణ్ణుంచి తొమ్మిదింటికి జూ. 625 ఎకరాలు, అంతా నడవలేరు, బ్యాటరీ బండి తీసుకోండి. పులులు, సింహాలు ఎండవేళ పడుకుంటాయి, వాటి వైపు ముందు వెళ్లండి. రేసుకుక్కల (అడవికుక్కల) దగ్గర కాసేపు ఆగమని ప్రత్యేకంగా చెప్తున్నాను. దేశంలో వాటి సంఖ్య తగ్గిపోతోంది, వాటి సంతతిని పెంచే కేంద్రం ఈ జూలోనే ఉంది. లోపలికి ప్లాస్టిక్ రానివ్వరు, స్టీలు సీసాలో నీళ్లు తెచ్చుకోండి. జూకి బీచ్ రోడ్డు వైపు సాగర్‌నగర్ దగ్గర ఇంకో గేటు ఉంది. అటు నుంచి బయటపడితే నేరుగా తొట్లకొండ బౌద్ధ స్థలం దారిలో ఉంటారు.

బస లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల చూసుకోండి. స్టేషన్‌కీ రుషికొండకీ మధ్యలో ఉంటుంది. ఇద్దరి ఆధార్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి.

గోస్తనీ_గట్టు:

తాబేళ్ల గురించి నేను చెప్తాను. మీరు పెట్టుకున్న తేదీలతో చిన్న చిక్కు ఉంది.

మన తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లేలు. తల్లి తాబేలు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డెక్కి, అడుగున్నర లోతు గుంత తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీ శాఖవాళ్లు తెల్లారేలోపు ఆ గుడ్లు ఏరి, కంచె కట్టిన హేచరీలో మళ్లీ పాతిపెడతారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 55 రోజులు పడుతుంది. అంటే పిల్లల్ని సముద్రంలో వదలడం ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా జరుగుతుంది. జనవరి ఆఖర్లో మీకు కనిపించేది కంచె, గుడ్లు పాతిన చోట తేదీ రాసిన పుల్లలు, అంతే.

పిల్లల్నే చూడాలంటే మార్చికి మార్చుకోవాలి. కానీ మార్చికి కొండకర్ల ఆవలో వలస బాతులు చాలావరకు వెళ్లిపోతాయి, ఎండా ముదురుతుంది. మేడమ్‌కి పక్షులు ముఖ్యమైతే జనవరే ఉంచండి. నా ఓటు జనవరికే.

రాత్రిపూట తాబేళ్ల కోసం టార్చ్‌లు వేసుకుని ఒడ్డున తిరగకండి. వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పిల్లలైతే సముద్రం మీది వెలుగును చూసి దారి పట్టాలి. బీచ్ రోడ్డు లైట్లు దానికంటే కాంతిగా ఉంటే రోడ్డు వైపు పాకుతాయి. పొద్దున నడకలో ట్రాక్టరు చక్రం జాడలాంటి గీతలు నీళ్ల నుంచి ఇసుక పైకి కనిపిస్తే తొక్కకుండా అటవీ శాఖకి చెప్పండి. చనిపోయిన తాబేళ్లు కూడా కనిపించొచ్చు. చేపల వలల్లో చిక్కుకుని, గాలి పీల్చడానికి పైకి రాలేక చనిపోతాయి అవి.

తాబేళ్లకు బదులు రాళ్ల మడుగులు చూడండి. వైజాగ్ వచ్చేవాళ్లలో చాలామంది వదిలేసేది ఇదే. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట రాళ్ల దగ్గర సముద్రం పాటుకి పోయినప్పుడు గుంతల్లో నీళ్లు మిగులుతాయి. వాటిలో పువ్వుల్లా కనిపించే సీ ఎనిమోన్లు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, సన్యాసి పీతలు, రకరకాల నత్తలు ఉంటాయి. ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర లోపే, అదీ అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లోనే. అష్టమి రోజుల్లో వెళ్తే రాళ్లు సరిగా తేలవు. కాబట్టి గోడ మీద క్యాలెండర్‌లో తిథి చూసి, తర్వాత ఫోన్‌లో విశాఖ టైడ్ చార్ట్ చూడండి. పాటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది, నిన్నటి టైం ఇవాళ పనికిరాదు. పూర్తి పాటుకి గంట ముందు దిగి, పాటు తిరగ్గానే వెనక్కి రండి. సముద్రానికి వీపు పెట్టి వంగొద్దు. పాచి పట్టిన రాళ్ల మీద హవాయి చెప్పులు జారతాయి, పట్టున్న శాండల్స్ కావాలి. రాయి తిప్పి చూస్తే మళ్లీ అలాగే బోర్లించండి, కింద ఉన్నవి ఎండకి చచ్చిపోతాయి. శంఖు ఆకారంలో అందంగా ఉన్న గవ్వల్ని చేత్తో తీయకండి, కోన్ నత్త అయితే విషపు ముల్లు గుచ్చుతుంది.

ఈతకి మాత్రం రుషికొండ అయినా యారాడ అయినా మోకాలి లోతు దాటొద్దు. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు ప్రశాంతంగా ఉన్న పట్టీ కనిపిస్తే అది మంచి చోటు అనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీరంతా లోపలికి పోయే దారి అదే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి.

ఓరుగల్లు_బాటసారి:

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. జనవరే ఖాయం చేస్తున్నాం. సోమవారం అరకుకి రైల్లో వెళ్దామని చూస్తే విస్టాడోమ్ (పెద్ద అద్దాల బోగీ) వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది. ఆవిడకు మోకాలి నొప్పి కొంచెం ఉంది, బొర్రా మెట్లు దిగగలదా? ఉత్తరం వైపు రోజులో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు రెండూ పడతాయా?

అనంతగిరి_మలుపు:

కిరండూల్ పాసింజర్ పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, విస్టాడోమ్ సీట్లు ముందే అయిపోతాయి. వెయిటింగ్ తేలకపోతే మామూలు రిజర్వేషన్ బోగీలో కిటికీ సీటు చూసుకోండి. సొరంగాలు, వంతెనలు అక్కణ్ణుంచీ కనిపిస్తాయి, పైగా కిటికీ తెరిచి ఉంటుంది. జనరల్ బోగీ మాత్రం వద్దు, నిలబడే చోటు కూడా దొరకదు.

అరకు దాకా పోకుండా బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగండి. చాలామంది రైల్లో అరకు వెళ్లి, సాయంత్రం వెనక్కి వస్తూ బొర్రా చూద్దాం అనుకుంటారు. అప్పటికి గుహ మూసేస్తారు. లేదా హడావిడిగా తిరిగి, చీకట్లో, మంచులో ఘాట్ దిగాల్సొస్తుంది. కారుని ముందుగానే మాట్లాడుకుని బొర్రాకి రమ్మనండి. గుహ చూసి, కారెక్కి గాలికొండ వ్యూపాయింట్, కాఫీ తోటలు, అరకులో గిరిజన మ్యూజియం చూసుకుని, నాలుగింటికల్లా అనంతగిరి, శృంగవరపుకోట మీదుగా దిగిపోండి. చాపరాయి, కటికి జలపాతం ఒక్కరోజులో ఇరికించొద్దు. కటికికి జీపు, ఆపైన నడక, ఆ మోకాలికి అసలు వద్దు.

బొర్రాలో దిగడం తేలిక, ఎక్కడమే కష్టం. మెట్లు తడిగా ఉంటాయి, లోపల ఉక్కపోత. మొదటి పెద్ద గది ప్రవేశానికి దగ్గరే. పై నుంచి వెలుతురు పడే చోటూ, సున్నపురాయి స్తంభాలూ అక్కడే చాలావరకు కనిపిస్తాయి. శివలింగం దాకా ఎక్కే నిలువు మెట్లు వదిలేసినా లోటు లేదు. పట్టీ కట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని మెల్లగా నడిస్తే సరిపోతుంది. గబ్బిలాల మీద ఫ్లాష్ కొట్టొద్దు. అరకులో జనవరి చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టరు తెచ్చుకోండి.

గుహ కింద పారేది గోస్తనీ నది. మంగళవారం మీరు భీమిలి దాకా వెళ్తే అదే నది సముద్రంలో కలిసే చోటు చూస్తారు.

ఎండాడ_పిట్ట:

తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు రెండూ పడతాయి, కానీ వరస ముఖ్యం. జూ నుంచి బయటికొచ్చి భోంచేసి, ఎండ దిగాక మూడింటికి తొట్లకొండ. నేవీ గగన సర్వేలో బయటపడిన చోటు అది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. స్తూపాలు, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద బంగాళాఖాతం. నీడ దాదాపు లేదు, టోపీ ఉండాలి. కొండపైకి బండి వెళ్తుంది కాబట్టి మోకాలికి ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి భీమిలి వైపు పోతే ఎర్రమట్టి దిబ్బలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. వాలుపొద్దులోనే ఆ ఎరుపు బాగా తెలుస్తుంది. గట్టు అంచుల మీద నిలబడకండి, అది రాయి కాదు, ఇసుక, కాలి బరువుకే విరిగిపోతుంది. వాగుల్లోపలికి దూరం పోతే అన్ని మలుపులూ ఒకేలా ఉండి దారి తప్పుతారు. జనవరిలో ఆరు లోపే పొద్దుగూకుతుంది, ఐదున్నరకల్లా రోడ్డు మీదికి వచ్చేయండి. అటు పోవడానికి క్యాబ్ దొరుకుతుంది, తిరిగి రావడానికి దొరకదు, రోజంతటికీ ఒకే బండి మాట్లాడుకోండి.

ఆదివారం కొండకర్ల ఆవకి ఐదింటికే బయల్దేరాలి. ఊరి నుంచి 40 కిలోమీటర్ల పైన ఉంటుంది, ఆరున్నరకి పొద్దు పొడుస్తుంది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు ఇదే. తామరాకుల మీద నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్లు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, అదృష్టముంటే సూదితోక బాతులు. తాటిదోనెలు రెండు జత కట్టి తోసుకుపోతారు. ఎక్కగానే మధ్యలో కూర్చోండి, ఫోటో కోసం ఒకే పక్కకి ఇద్దరూ వంగితే బోల్తా పడుతుంది. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. పక్షుల గుంపు కనిపిస్తే దోనెని నేరుగా తోయమనకండి, పక్కగా పోనిచ్చి దూరాన ఆపమనండి, లేకపోతే గుంపంతా లేచిపోతుంది. మేడమ్ బైనాక్యులర్స్ 8×42 అయితే మంచిది, 10 రెట్లవి ఊగే దోనెలో నిలకడగా ఉండవు.

తొమ్మిదిన్నరకి ఒడ్డెక్కి అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ చూసుకోండి, మీకు కావలసిన బౌద్ధ స్థలం అదొకటి. మెట్లున్నాయి, మేడమ్ కిందే కూర్చున్నా కొండ బాగా కనిపిస్తుంది. రెండింటికి యారాడ దారి పట్టండి, నాలుగు దాటాక ఆదివారం జనం ఎక్కువైపోతారు.