గీజర్ మీద 2000 వాట్లు అని ఉంది, లెక్కేస్తే 1528 వస్తోంది. కాయిల్ పోయిందా?

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. 15 లీటర్ల గీజర్, ప్లేటు మీద 230 వోల్టులు, 2000 వాట్లు. ఈమధ్య నీళ్లు కాగడానికి చాలాసేపు పడుతోంది. ఆన్‌లో ఉన్నప్పుడు సాకెట్ దగ్గర 201 వోల్టులు, క్లాంప్ మీటర్లో (వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ చూసేది) 7.6 ఆంపియర్లు, అంటే 201 × 7.6 = 1528 వాట్లే. ఆఫ్ చేస్తే 218 వోల్టులు. డీబీ (ఇంట్లో ఫ్యూజులు, స్విచ్‌లు ఉండే పెట్టె) నుంచి బాత్రూం దాకా 1 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటరు) వైరు, 18 మీటర్లు. కాయిల్ మార్చాలా?

రేణిగుంట వైరింగ్:
వద్దండి, కాయిల్ బాగానే ఉంది. ప్లేటు ప్రకారం కాయిల్ నిరోధం 230 × 230 ÷ 2000 = 26.45 ఓంలు. మీ రీడింగుల ప్రకారం 201 ÷ 7.6 కూడా 26.45. నిక్రోమ్ కాయిల్ కాబట్టి చల్లగా ఉన్నా వేడెక్కినా ఓంలు పెద్దగా మారవు. (ఫిలమెంట్ బల్బు అలా కాదు. 100 వాట్ల బల్బు వెలుగుతుంటే 529 ఓంలు, చల్లగా ఉంటే 40 దరిదాపుల్లోనే.)

తగ్గింది వోల్టేజీ. వోల్టులు తగ్గితే ఆంప్స్ కూడా తగ్గుతాయి, అందుకే 13 శాతం వోల్టేజీ పోతే 24 శాతం వాట్లు పోయాయి. 25 డిగ్రీల నీళ్లు 55కి రావడానికి 16 నిమిషాలు చాలేది, ఇప్పుడు దాదాపు 21 పడుతుంది. బిల్లేమీ తగ్గదు, నీళ్లకు పట్టే అర యూనిట్ అటూ ఇటూ ఒకటే.

అసలు చూడాల్సింది ఆ 17 వోల్టుల డ్రాప్. 17 × 7.6 = 129 వాట్లు దారిలోనే వేడిగా పోతున్నాయి. గీజర్ ఆన్ చేసి మెయిన్ స్విచ్ దగ్గర ఎంత ఉందో చెప్పండి.

తిరుచానూరు రోడ్డు:
అక్కడ 214 ఉందన్నా.

రేణిగుంట వైరింగ్:
అయితే బయట పోయేది 4 వోల్టులే. ఇంట్లో 13 పోతున్నాయి. రానూ పోనూ 36 మీటర్ల 1 ఎస్‌క్యూఎంఎం రాగి వైరు 0.7 ఓం, అంటే 5 వోల్టులు. మిగతా 8 వోల్టులు ఏదో జాయింటులోనో సాకెట్లోనో పోతున్నాయి. 8 × 7.6 = 61 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కే సీసం కరిగిపోతుంది, అంతకు రెట్టింపు వేడి ఒక్క స్క్రూ దగ్గర పుడుతోంది. అది బాగుచేసేదాకా గీజర్ వాడకండి.

మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూసుకుని, సాకెట్ విప్పండి. ప్లగ్గు పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే చోటు అదే. 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్గు రెండూ కొత్తవి వేయండి, ఒకటే మారిస్తే పాత పిన్ను కొత్తదాన్నీ కాలుస్తుంది. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించండి. లైను 4 ఎస్‌క్యూఎంఎంకి మార్చితే వైరులో డ్రాప్ ఒకటిన్నర వోల్టులకు దిగుతుంది. అప్పుడు గీజర్‌కు 212 వోల్టులు, 1700 వాట్లు వస్తాయి. వచ్చేదే 218 అయినప్పుడు 2000 రాదు.

పలమనేరు రైతు:
బోరు మోటారుకూ ఇదే లెక్కా అన్నా? సింగిల్ ఫేజ్, వైండింగ్ (లోపలి తీగ చుట్ట) 3 ఓంలు చూపిస్తోంది. 230 ÷ 3 అంటే 77 ఆంపియర్లు రావాలి, నడిచేది 8తోనే.

చిత్తూరు మోటార్ వైండింగ్:
మోటారుకు ఆ లెక్క పనికిరాదు. 3 ఓంలు రాగి తీగది మాత్రమే. తిరుగుతున్న మోటారు తనలో ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అదే ఆంప్స్‌ను ఆపుతుంది. స్టార్టింగ్‌లో అది లేదు కాబట్టే ఐదారు రెట్లు లాగుతుంది. వాట్ల లెక్కలో పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్టులు × ఆంప్స్‌లో నిజంగా వాట్లయ్యే వంతు) కూడా గుణించాలి: 230 × 8 × 0.8 = 1472. త్రీ ఫేజ్ అయితే 1.732 × 415 × ఆంప్స్ × పవర్ ఫ్యాక్టర్. క్లాంప్‌ను ఒక్క వైరుకే పెట్టండి, ఫేజ్, న్యూట్రల్ కలిపి పట్టిస్తే సున్నా చూపిస్తుంది.

ఇంకోటి, వోల్టేజీ పడితే గీజర్ తక్కువ లాగుతుంది, లోడు మీదున్న మోటారు ఎక్కువ లాగుతుంది. 8 ఆంప్స్ 10 అయితే వైండింగ్ వేడి 1.56 రెట్లు. ఓవర్‌లోడ్ రిలేను (ఆంప్స్ ఎక్కువైతే మోటారును ఆపేసేది) మోటారు ప్లేటు మీది ఆంపియర్లకే పెట్టండి, ఊరికే ట్రిప్ అవుతోందని పైకి తిప్పొద్దు.