వీఎం లోపలి ఓఎస్‌ని ఎన్‌మ్యాప్ పట్టుకోలేదా?

సర్వర్‌గది:
ఉబుంటు లినక్స్ హోస్ట్ మీద వర్చువల్‌బాక్స్, అందులో గెస్ట్‌గా విండోస్ సర్వర్ వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్). పోర్ట్ 80 మాత్రం లోపలికి ఫార్వర్డ్ చేశాం. బయటి నుంచి ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానర్‌తో ఓఎస్ డిటెక్షన్ నడిపితే లినక్స్ అంటోంది. వీఎంలు వచ్చాక ఈ టెస్ట్‌కి అర్థం లేదు, ఆడిట్ చెక్‌లిస్ట్ నుంచి తీసేయాలంటాను.

ప్యాకెట్‌వేట:
నేను ఒప్పుకోనండీ. ఇది వీఎం పని కాదు, నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే పద్ధతి) పని. వర్చువల్‌బాక్స్ నాట్ మోడ్‌లో గెస్ట్ పంపిన ప్యాకెట్ ఉన్నది ఉన్నట్టు బయటికి రాదు. నాట్ ఇంజిన్ అందులోని డేటా తీసుకుని హోస్ట్ సాకెట్ నుంచి కొత్తగా పంపుతుంది. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటగలదనే లెక్క), విండో సైజు, టీసీపీ ఆప్షన్ల వరుస అన్నీ ఉబుంటువే. ఎన్‌మ్యాప్ తనకు కనిపించిందే చెప్పింది. అదే వీఎంని బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో (నేరుగా నెట్‌వర్క్‌లో కలిసేలా) పెట్టండి, విండోస్ నెట్‌వర్క్ స్టాకే జవాబిస్తుంది, టీటీఎల్ 128తో మొదలవుతుంది. ఒకే లాన్‌లో ఉంటే 08:00:27 మ్యాక్ అడ్రస్ చూసి అది వర్చువల్‌బాక్స్ అని కూడా చెప్పేయొచ్చు.

సర్వర్‌గది:
మరి కేవీఎంలో (లినక్స్ సొంత వర్చువలైజేషన్) లిబ్‌వర్ట్ అనే టూల్ పెట్టే నాట్? అదీ నాటే కదా.

ప్యాకెట్‌వేట:
అక్కడ కెర్నెల్ అడ్రస్ మార్చి ప్యాకెట్‌ని ముందుకు పంపుతుంది. ఆప్షన్లు గెస్ట్‌వే ఉంటాయి, టీటీఎల్ ఒకటి తగ్గుతుంది. అసలు చిక్కు ఒక్క పోర్టే ఫార్వర్డ్ చేసినప్పుడు. నమ్మదగ్గ ఫలితానికి ఎన్‌మ్యాప్‌కి తెరిచిన టీసీపీ పోర్ట్ ఒకటి, మూసినది ఒకటి కావాలి. తెరిచినదానికి గెస్ట్, మూసినదానికీ పింగ్‌కీ హోస్ట్ జవాబిస్తే ఆ కలగాపులగం ఫింగర్‌ప్రింట్ (జవాబుల తీరు) ఏ ఓఎస్‌కీ సరిపోదు.

ల్యాబ్‌మాస్టారు:
స్కానర్ వీఎంలో ఉన్నా ఇదే గొడవ. కాలీని (సెక్యూరిటీ టూల్స్ ఉండే లినక్స్) వర్చువల్‌బాక్స్ నాట్‌లో పెట్టి స్కాన్ చేసిన పిల్లలు, టార్గెట్ ఏదైనా ‘ఒరాకిల్ వర్చువల్‌బాక్స్’, ‘క్యూఈఎంయూ’ అనే గెస్‌లే రాసుకొస్తుంటారు. వాళ్లకు జవాబిచ్చింది నాట్ ఇంజిన్. ముందు స్కానర్‌ని బ్రిడ్జ్‌డ్‌కి మార్చండి.

సర్వర్‌గది:
నేనన్నదీ అదేగా! మోడ్ తెలియకుండా నమ్మలేని ఫలితం ఆడిటర్‌కి ఎందుకు?

ప్యాకెట్‌వేట:
తేడా కూడా ఆధారమే కాబట్టి. మీ పోర్ట్ 80నే చూడండి. హెచ్‌టీటీపీ హెడర్ నాట్ దాటి అలాగే వస్తుంది. పైన ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్), కింద లినక్స్ స్టాక్! మధ్యలో నాటో, రివర్స్ ప్రాక్సీయో (వెబ్ సర్వర్ ముందు నిలబడే మధ్యవర్తి) ఉన్నట్టే. ఇన్వెంటరీలో లేని, ప్యాచ్ పడని విండోస్ ఒకటి లోపల ఉంటే దాని జాడ ఇక్కడే దొరుకుతుంది. టెస్ట్ ఉంచండి, పక్కన నెట్‌వర్క్ మోడ్‌కి ఒక కాలమ్ పెట్టండి.

సర్వర్‌గది:
కాలమ్ పెడతాను. ఓఎస్ పేరు మాత్రం స్కాన్ చూసి రాయను, గెస్ట్‌లో లాగిన్ అయి చూసిందే రాస్తాను.