పొద్దున కనిపించే చంద్రుణ్ణి మూడో తరగతికి ఎలా చెప్పాలి?

మూడో తరగతికి పగలు, రాత్రి చెప్తున్నాను. తలుపులు మూసి, గ్లోబు మీద మన ఊరి దగ్గర బొట్టుబిళ్ల అంటించి, టార్చి వేసి పడమర నుంచి తూర్పుకి తిప్పాను. బిళ్ల వెలుగులోకొస్తే పగలు, చీకట్లోకెళ్తే రాత్రి. అందరికీ ఎక్కింది.

బహుళ పంచమి నాడు 9 గంటలకు ప్రేయర్‌లో ఒక పిల్లాడు పడమటి వైపు వేపచెట్టు మీదుగా వేలు చూపించాడు. అరిగిపోయిన చంద్రుడు, తెల్లగా. "టీచర్, రాత్రి అయిపోయింది కదా, ఇంకా ఉన్నాడేంటి?"

తప్పు నాదే. చంద్రుడిగా వాడిన బంతిని ఎప్పుడూ గ్లోబుకి అవతల, టార్చికి ఎదురు వైపునే పెట్టాను, అంటే పౌర్ణమి ఒక్కటే చూపించాను.

తర్వాత బంతిని పక్కకి జరిపాను. కానీ పిల్లలు గ్లోబు బయట నిలబడి చూస్తున్నారు, బిళ్ల దగ్గర నుంచి ఆకాశం ఎలా ఉంటుందో ఊహించలేకపోతున్నారు. వీడియో పెడితే ఇంకా గందరగోళం: భూమి తిరగడానికి 24 గంటలు, చంద్రుడు భూమిని చుట్టడానికి 27 రోజులు, రెండూ కలిపేసి చంద్రుడు రోజుకోసారి చుట్టేస్తాడంటున్నారు.

చంద్రకళల జోలికి పోకుండా, పగలు కూడా చంద్రుడు ఎందుకు కనిపిస్తాడో ఎనిమిదేళ్ల పిల్లలు తామే చేసి తెలుసుకునే ఆట ఏదైనా మీరు చేయించారా?