కెయిన్స్‌లో అమ్మానాన్నలకు గ్రీన్ ఐలాండ్ సరిపోతుందా, ఔటర్ రీఫ్ దాకా వెళ్లాలా?

నమస్కారమండీ. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. కాకినాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలకు జనవరిలో కెయిన్స్ వెళ్లి గ్రేట్ బారియర్ రీఫ్ (సముద్రంలోని పగడాల దిబ్బలు) చూపిద్దామని అనుకుంటున్నాం. సెలవులు అప్పుడే దొరికాయి, నెల మార్చడం కుదరదు.

అక్కడ అది వానాకాలమనీ, నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీఫిష్‌లు ఉంటాయనీ తెలుసు. ఈత కొట్టేవాళ్లకు ఒళ్లంతా కప్పే లైక్రా సూటు ఇస్తారట. అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టదు, కాబట్టి ఆ ముచ్చట లేదు. నాన్నగారికి బీపీ, ఆయన్నీ నీళ్లలోకి దింపం. ఇద్దరికీ పడవలో కూర్చునే పగడాలు కనిపించాలి.

గ్రీన్ ఐలాండ్ అనే చిన్న దీవికి కెయిన్స్ నుంచి పడవలో ముప్పావు గంట ప్రయాణం. అడుగున అద్దం బిగించిన పడవ ఉంది, కావాలంటే దిగి చెట్ల నీడన నడవొచ్చు. తీరానికి ఇంకా దూరంగా ఉండే ఔటర్ రీఫ్‌కు గంటన్నర పైనే. పగడాలు అక్కడే బాగుంటాయంటారు గానీ, అమ్మకు అరకు ఘాట్ రోడ్డులోనే కడుపులో తిప్పేస్తుంది. నా టెన్షనంతా అదే.

జనవరిలో పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు చెప్పండి: అలలు ఎలా ఉంటాయి? వానలప్పుడు గ్రీన్ ఐలాండ్ దగ్గర నీళ్లు తేటగా ఉంటాయా, మడ్డిగానా? తుఫాను వచ్చి ట్రిప్ రద్దయితే డబ్బు తిరిగిస్తారా? పడవలో పెట్టే భోజనంలో రొయ్యలు లేనిది ఏమైనా దొరుకుతుందా? పులిహోర డబ్బా తీసుకెళ్తే ఒప్పుకుంటారా?

కెయిన్స్ నుంచి కొండల్లోకి వెళ్లే కురాండా రైలు మరుసటి రోజుకు పెట్టుకున్నాం, దాని గురించి అనుమానాల్లేవు.